'ఇక కరెంటు ఫ్రీ' అని రాసేముందు: తెలుగు సంపాదకులకు తిరుపతి నుంచి బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల సంపాదకులకు, టీవీ న్యూస్ ఎడిటర్లకు, యూట్యూబ్‌లో సైన్స్ చెప్పే మిత్రులకు,

నమస్కారం.

నేను విద్యుత్ శాఖలో ఏఈగా చేసి రిటైరైనవాణ్ణి. సర్వీసంతా చిత్తూరు జిల్లాలోనే సబ్‌స్టేషన్ల మధ్య, ఫీడర్ల వెంట గడిచింది. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మీరు తరచూ వేసే ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే పద్ధతి) వార్తల గురించి ఈ లేఖ. 'కృత్రిమ సూర్యుడు వచ్చేశాడు', 'ఇక కరెంటు కష్టాలు తీరినట్టే', 'గ్లాసు నీళ్లతో ఊరంతా వెలుగు' అంటూ వచ్చేవి.

అలాంటి ఒక వార్తలో లెక్క తప్పు ఉందని ఆ పత్రికకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మెయిల్ పెట్టాను, దానికీ అంతే. స్థానిక విలేకరిని కలిస్తే ఆ అబ్బాయి మర్యాదగా విని, "సార్, అవి డెస్కులో చేస్తారు, మా చేతిలో ఏమీ ఉండదు" అన్నాడు. కొన్నాళ్లకు అదే తప్పు, దేశం పేరు మాత్రం మార్చుకుని, అదే పత్రికలో మళ్లీ వచ్చింది. మిగతా చోట్ల కూడా పరిస్థితి ఇంతే కాబట్టి ఆ పత్రిక పేరు రాయడం లేదు. అందరినీ కలిపి అడుగుతున్నాను.

ఫ్యూజన్ పరిశోధన దండగ అనేవాళ్లలో నన్ను కలపకండి. హైడ్రోజన్ జాతికి చెందిన డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు కలిస్తే హీలియం వస్తుంది, దాంతోపాటు బోలెడంత శక్తి వస్తుంది. పొగ రాదు, బొగ్గు అక్కర్లేదు. ఏదైనా తేడా వస్తే ప్లాస్మా, అంటే విపరీతంగా వేడెక్కి విద్యుదావేశం పొందిన ఆ ఇంధన వాయువు, దానంతట అదే చల్లారిపోతుంది. యురేనియం రియాక్టర్‌లా అదుపు తప్పి కరిగిపోతుందన్న భయం లేదు. వేల ఏళ్లు కాపలా కాయాల్సిన వాడేసిన ఇంధనం మిగలదు. డ్యుటీరియం సముద్రపు నీటిలోనే ఉంది, ఘనపు మీటరు నీటికి 33 గ్రాముల చొప్పున. మనకు అది కొత్తదీ కాదు. గోదావరి దగ్గర మణుగూరు భారజల కర్మాగారంలో తీసే భారజలంలో ఉండేది ఆ డ్యుటీరియమే. ఇంత మంచి సంగతిని జనానికి చెప్పాలని మీకు అనిపించడం సహజం. నా గొడవ చెప్పే తీరుతోనే.

నేను కరెంటు మనిషిని కాబట్టి యూనిట్లలో చెబుతాను. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. మీ పాఠకుడికి మెగాజౌల్ తెలియకపోవచ్చు. యూనిట్ తెలియని ఇల్లు మాత్రం లేదు.

2022 డిసెంబరు 5న అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజర్ కిరణాలను మిరియపు గింజంత ఇంధనపు గుళిక ఉన్న చోటికి గురిపెట్టి కొట్టారు. లేజర్లు మోసుకెళ్లిన శక్తి 2.05 మెగాజౌళ్లు. బయటికి వచ్చింది 3.15 మెగాజౌళ్లు. మీరంతా రాసింది ఇదే: 'పెట్టినదానికంటే ఎక్కువ వచ్చింది'. భౌతికశాస్త్రంలో అది నిజంగానే పెద్ద విజయం, ఆ శాస్త్రవేత్తలకు దండం పెట్టాల్సిందే. అయితే ఆ లేజర్లను వెలిగించడానికి కరెంటు లైను నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్లు. ఇప్పుడు మీటరు చూడండి. లైను నుంచి 83 యూనిట్లు పోయాయి. తిరిగి వచ్చింది ఒక్క యూనిట్ కూడా లేదు, 0.87 మాత్రమే. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె దాంతో గంట కూడా నడవదు. పైగా వచ్చింది వేడి. దాన్ని కరెంటుగా మార్చేటప్పుడు మూడింట రెండొంతులు పోతుంది. తర్వాతి ప్రయోగాల్లో ఇంతకంటే ఎక్కువే తీశారు, ఇంకా తీస్తారు. కానీ ఆ 83 అంకె తెలుగులో ఎక్కడ వేశారో నాకు ఇంతవరకూ కనబడలేదు.

ఇంగ్లండ్‌లోని జెట్ (JET) అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రం సంగతి ఇంకొంచెం ఆశ కలిగిస్తుంది. 2023లో మూతబడే ముందు అది అయిదు సెకన్లలో 69 మెగాజౌళ్ల వేడి ఇచ్చింది. అంటే 19 యూనిట్లు. కాలిన ఇంధనం మిల్లీగ్రాములో అయిదో వంతు. నిజానికి ఇది పెద్ద అక్షరాల్లో వేయదగ్గ వార్త, లోపలి పేజీలో ఎక్కడో మూలన వచ్చింది. 2025 జనవరిలో చైనాలోని ఈస్ట్ (EAST) అనే యంత్రం 1,066 సెకన్లు, ఆ మరుసటి నెలలోనే ఫ్రాన్స్‌లోని వెస్ట్ (WEST) అనే యంత్రం 1,337 సెకన్లు ప్లాస్మాను నిలబెట్టాయి. వీటికి మాత్రం పతాక శీర్షికలు. ఆ రెండింటిలోనూ ట్రిటియం వాడలేదు. అవి చూపించింది ప్లాస్మాను ఎంతసేపు పట్టి ఉంచగలమన్నది. కరెంటు తీయడం ఆ ప్రయోగాల పనే కాదు. 'చైనా సూర్యుడు 17 నిమిషాలు వెలిగాడు' అని రాస్తే చదివినవాడు ఏమనుకుంటాడు? ఆ పదిహేడు నిమిషాలూ అక్కడ ఊళ్లకు కరెంటు సప్లై అయిందనే అనుకుంటాడు.

మా శాఖలో ఆక్జిలరీ కన్సంప్షన్ అని ఒక లెక్క ఉంటుంది. ముద్దనూరు థర్మల్ స్టేషన్‌లో జనరేటర్ దగ్గర ఎంత చూపిస్తుందో అంతా గ్రిడ్‌కు రాదు. బొగ్గు మిల్లులు, ఫ్యాన్లు, పంపులు కొంత తినేస్తాయి. బొగ్గు స్టేషన్లలో ఇది మామూలుగా నూటికి ఎనిమిది, తొమ్మిది దాకా ఉంటుంది. అంతకు మించితే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. ఫ్యూజన్‌లో ఈ తిండి ఎంతన్నదే అసలు ప్రశ్న. ఫ్రాన్స్‌లో ఏడు భాగస్వాములు కలిసి కడుతున్న ఈటర్ (ITER) అనే పెద్ద ఫ్యూజన్ ప్రయోగ యంత్రం లక్ష్యం చూడండి: ప్లాస్మాను 50 మెగావాట్లతో వేడి చేసి 500 మెగావాట్ల ఫ్యూజన్ వేడి తీయాలి. పదింతలు అన్నమాట. ఆ 50 అనేది ప్లాస్మాలోకి వెళ్లేది మాత్రమే. ప్లాస్మాను పట్టి ఉంచే అయస్కాంతాలను మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి, గాలి మొత్తం తోడేయాలి, పంపులు తిప్పాలి. ఆ ప్రాంగణానికి మామూలుగా 110 మెగావాట్లు, కొన్ని క్షణాలపాటు 620 మెగావాట్ల దాకా కావాలని ఈటర్ వాళ్లే చెబుతున్నారు. అది కరెంటు తయారు చేసే స్టేషన్ కాదనీ వాళ్లే చెబుతున్నారు. అందులో టర్బైనే లేదు.

ఇక తేదీలు. 1955లో జెనీవాలో అణుశక్తి మీద జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సుకు అధ్యక్షత వహించిన మన హోమీ భాభా, మరో రెండు దశాబ్దాల్లో ఫ్యూజన్ శక్తిని అదుపులోకి తెచ్చే దారి దొరుకుతుందని జోస్యం చెప్పారు. అంతటివాడి అంచనాకే డెబ్బై ఏళ్లు దాటిపోయాయి. ఈటర్‌లో తొలి ప్లాస్మా మొదట 2016 అన్నారు, తర్వాత 2025 అన్నారు. 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళిక ప్రకారం పరిశోధనలు మొదలయ్యేది 2034లో, అసలు ఇంధనమైన డ్యుటీరియం, ట్రిటియంతో నడిపేది 2039లో. ఆలస్యానికి కారణాలు కూడా వింతవేం కాదు. ప్లాస్మా ఉండే వాక్యూమ్ వెసెల్ ముక్కల అంచులు కొలతకు సరిపోలేదు, చల్లబరిచే పైపులు తుప్పుపట్టి పగుళ్లిచ్చాయి. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనిచేసిన ఎవరికైనా ఇవి తెలిసిన తలనొప్పులే. అంత పెద్ద యంత్రంలో ఒక్కోదాన్ని సరిచేయడానికి ఏళ్లు పడుతుంది. మనకు దగ్గర్లోని కల్పాక్కంలో 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్ పని 2004లో మొదలైతే, కోర్ లోడింగ్ (రియాక్టర్ నడిబొడ్డును నింపడం) దాకా వచ్చేసరికి 2024 అయింది. అది ఇదివరకే తెలిసిన టెక్నాలజీ.

యంత్రం పనిచేసినా రెండు పెద్ద చిక్కులు మిగులుతాయి. ఒకటి ట్రిటియం. సముద్రంలో దొరికేది డ్యుటీరియమే. ట్రిటియం ప్రకృతిలో దాదాపు లేదు, ఉన్నది కూడా పన్నెండేళ్లకు సగం తరిగిపోతుంది. వెయ్యి మెగావాట్ల ఫ్యూజన్ వేడి ఏడాదంతా తీయాలంటే 55 కిలోలు కావాలి. పౌర అవసరాలకు ప్రపంచం మొత్తం మీద ఉన్న నిల్వ సుమారు పాతిక, ముప్పై కిలోలు, అందులో ఎక్కువ భాగం కెనడా భారజల రియాక్టర్ల నుంచి వచ్చింది. అంటే ప్రతి ఫ్యూజన్ స్టేషన్ తన ట్రిటియాన్ని తనే, యంత్రం గోడల్లో లిథియం పెట్టి, తయారు చేసుకోవాలి. ఆ పని పెద్ద ఎత్తున ఎవరూ ఇంతవరకూ చేసి చూపలేదు. రెండోది న్యూట్రాన్లు. వచ్చే శక్తిలో నూటికి ఎనభై వాటితోనే పోతుంది. అయస్కాంతం వాటిని ఆపలేదు. నేరుగా వెళ్లి గోడకు తగులుతాయి, ఉక్కులో పరమాణువులు చోటు తప్పుతాయి, లోహం పెళుసెక్కుతుంది, రేడియోధార్మికత కూడా వస్తుంది. అలాంటి దెబ్బలకు ఏళ్ల తరబడి తట్టుకునే లోహాలను పరీక్షించే కేంద్రాన్నే స్పెయిన్‌లో ఇప్పుడు కడుతున్నారు. పదిహేను కోట్ల డిగ్రీల ప్లాస్మా గురించి మీరు రాస్తారు. సూర్యుడి నడిబొడ్డుకంటే పదింతల వేడి కాబట్టి చదవడానికి బావుంటుంది. గోడ గురించి ఎవరూ రాయరు.

ఇవన్నీ రాయకపోతే మాకేం నష్టం అంటారేమో. నేను కళ్లారా చూసినవి చెబుతాను.

1. నగరి ప్రాంతంలో పవర్‌లూం నడిపే ఒక కుటుంబం నాకు సర్వీసు రోజుల నుంచి తెలుసు. కరెంటు పోయిందంటే మగ్గం ఆగుతుంది, మళ్లీ మొదలయ్యేసరికి పోగులు తెగుతాయి, తెగినవి ఒక్కోటీ ముడి వేసుకోవాలి. ఇంటి పైన సోలార్ పెట్టుకోమని చాన్నాళ్లు పోరాను. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, బ్యాంకు లోన్ కూడా మాట్లాడాం. తీరా కాగితాలు పట్టుకుని వెళ్తే ఇంటాయన వద్దన్నాడు. మగ్గం చట్రం మీద ఆనించిన ఫోన్‌లో కొడుకు ఒక వీడియో చూపించాడు. అరచేతిలో సూర్యుణ్ణి పట్టుకున్న శాస్త్రవేత్త బొమ్మ, కింద ఎర్ర అక్షరాలు. "చైనావాళ్లు సూర్యుణ్ణే చేసినారంట గదా సార్. ఇంగ రెండేండ్లలో కరెంటు ఊరికే వస్తాదంట. ఇప్పుడు అప్పు జేసి ఆ పలకలు పెట్టేది దండగ" అన్నాడు పెద్దాయన. వాదించాను. ఫోన్‌లో బొమ్మ ఉంది, నా దగ్గర బొమ్మ లేదు. నెల బిల్లు మాత్రం ఆయనకు ఇప్పటికీ వస్తూనే ఉంది.

2. తిరుపతిలో ఒక ఫంక్షన్ హాల్లో రిటైర్డ్ ఉద్యోగులను పిలిచి మీటింగ్ పెట్టారు. విదేశీ ఫ్యూజన్ కంపెనీ షేర్లు ఐపీఓకు ముందే ఇప్పిస్తామని చెప్పారు. కాఫీ, టిఫిన్ అయ్యాక ఏజెంటు ఫైలు తెరిచాడు. అందులో సెబీ కాగితం లేదు, కంపెనీ లెక్కలు లేవు. ఉన్నవన్నీ లామినేషన్ చేయించిన తెలుగు పేపర్ కటింగులే. మీరు వేసినవే. నా పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మ ఒక కటింగ్ తీసుకుని తేదీ చూసి, "ఇది మన పేపర్లోనే వచ్చింది, అబద్ధం ఎట్లవుతుంది?" అంది. అక్కడే కొందరు డబ్బు కట్టారు. ఆ ఏజెంటు ఫోన్ ఇప్పుడు ఎత్తడం లేదు. అమెరికాలో హీలియన్ అనే సంస్థ 2028 నుంచి మైక్రోసాఫ్ట్‌కు కరెంటు ఇస్తామని 2023లో ఒప్పందం చేసుకున్నది నిజమే. ఒప్పందం వేరు, వచ్చే కరెంటు వేరు. ఆ తేడా మీ వార్తలో ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ ఫైలు అంత బరువు తూగేది కాదు.

3. పిల్లలు. ఇంటర్ చదివే పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఫ్యూజన్‌లో పనిచేయాలంటే చైనా వెళ్లాలా అని. గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర ప్లాస్మా పరిశోధన సంస్థ ఉందనీ, అక్కడ ఆదిత్య అనే టోకమాక్ (అయస్కాంతాలతో ప్లాస్మాను పట్టి ఉంచే యంత్రం) 1989 నుంచి పనిచేస్తోందనీ, తర్వాత ఎస్ఎస్‌టీ-1 కూడా కట్టారనీ వాళ్లకు తెలియదు. ఎలా తెలుస్తుంది? మీ పేజీల్లో చైనా తప్ప ఇంకేం కనిపించదు. ఈటర్ యంత్రాన్ని మొత్తం చుట్టి ఉంచే క్రయోస్టాట్, 3,850 టన్నుల స్టీలు కట్టడం, మన దేశం ఇచ్చింది. గుజరాత్‌లోని హజీరాలో ముక్కలుగా తయారై ఓడల్లో ఫ్రాన్స్‌కు వెళ్లింది. సగం బతుకు వెల్డింగ్ పనులు చూసినవాడిగా చెబుతున్నాను, అంత సైజులో గాలి చొరబడని అతుకులు వేయడం మాటలు కాదు. ఐటీఐ చదివే పిల్లవాడికి అది చెబితే ఎంత ఊపు వస్తుంది!

4. ఈటర్ నిర్మాణంలో మన వాటా సుమారు తొమ్మిది శాతం. అది మన పన్నుల సొమ్ము. బదులుగా అక్కడ తెలిసే పరిజ్ఞానమంతా మనకూ అందుతుంది. బేరం మంచిదా కాదా అని జనం అడగాలంటే ముందు వాళ్లకు తెలియాలి కదా.

5. ట్రూ-అప్ ఛార్జీలు (పాత ఖర్చుల తేడాను తర్వాతి బిల్లుల్లో వసూలు చేసేవి) ఎందుకు పడ్డాయి, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలు నడిచేటప్పుడు పక్క ఊళ్లలో లో-వోల్టేజి ఎందుకు వస్తుంది, బోరు మోటార్లు ఎందుకు కాలిపోతున్నాయి. ఈ ప్రశ్నలకు ఫ్యూజన్‌తో సంబంధం లేదు. కాకులకొండ మీద తిరిగే గాలిమరలకు ఉంది, సోలార్‌కు ఉంది, సాయంత్రానికి కరెంటు దాచుకునే బ్యాటరీలకు ఉంది. వాటికి ఇచ్చే చోటు ఎంతో మీ పాత సంచికలు తిరగేసి మీరే చూసుకోండి.

అందుచేత మిమ్మల్ని కోరుతున్నవి ఇవి. వీటికి పెద్ద ఖర్చేమీ అవదు.

1. ఫ్యూజన్ వార్త ఏదైనా సరే, మూడు అంకెలు తప్పక వేయండి. లైను నుంచి ఎంత లాగారు, ఎంత వచ్చింది, ఎన్ని సెకన్లు. యూనిట్లలో వేయండి. వచ్చింది వేడా, కరెంటా అన్నది కూడా.

2. 'ఫలానా ఏడాదికి వచ్చేస్తుంది' అని రాస్తే, ఆ మాట అన్నది ఎవరో రాయండి. అదే సంస్థ ఇంతకుముందు చెప్పిన తేదీని పక్కనే వేయండి. డబ్బు సేకరిస్తున్న కంపెనీ అయితే ఆ సంగతీ చెప్పండి.

3. వేసేముందు ఒక్క ఫోన్ చేయండి. ఎస్వీ యూనివర్సిటీలో ఫిజిక్స్ విభాగం ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. గాదంకిలో రాడార్ పెట్టి పైవాతావరణాన్ని, అక్కడి ప్లాస్మా పొరలను ఏళ్లుగా గమనిస్తున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. తిరుపతి ఎడిషన్ ఉన్న పత్రికకు ప్లాస్మా అంటే తెలిసిన మనిషి దొరకలేదంటే ఎవరు నమ్ముతారు?

4. తప్పు పడితే, పడిన పేజీలోనే, పడిన సైజులోనే దిద్దండి. వీడియో అయితే థంబ్‌నెయిల్ మార్చండి. కింద కామెంటులో సారీ చెబితే నగరి దాకా రాదు.

5. 'ఇన్వెస్ట్ చేయండి' అనే ప్రకటనలను వార్తల రూపంలో వేయకండి. ఫ్యూజన్ పేరుతో డబ్బు వసూలు చేస్తున్నారని ఫిర్యాదు వస్తే మొదటి పేజీలో వేయండి. మీ కటింగులే అక్కడ పెట్టుబడి అవుతున్నాయి కాబట్టి ఈ విషయంలో మీ బాధ్యత మిగతావాళ్లకంటే ఎక్కువ.

6. ఏడాదికి ఒక్కసారైనా గాంధీనగర్‌కు విలేకరిని పంపి, అక్కడ ఏం జరుగుతోందో, మన పిల్లలు ఏం చదివితే అక్కడికి చేరతారో తెలుగులో రాయించండి.

లెక్కలు సరిచూడటానికి మనిషి కావాలంటే నేనున్నాను, పైసా అక్కర్లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రెస్ క్లబ్బులకు కూడా ఈ లేఖ ప్రతులు పంపుతున్నాను. జవాబు ఇవ్వదలిస్తే నాకు విడిగా రాయనక్కర్లేదు, మీ పాఠకులకే మీ పేజీలో ఇవ్వండి.

ఇట్లు,
విద్యుత్ శాఖ రిటైర్డ్ అసిస్టెంట్ ఇంజనీర్,
తిరుపతి